పైవాటా పద్మినికి ఎవరి గొంతు?

మా మేడమీద అద్దెకుండే లీలాకుమారి ఆంటీ ఇరవై ఎనిమిది రోజులు నోరు విప్పకూడదట. ఆ వార్త ఆంటీ ఆటో దిగి మెట్లెక్కే లోపే కృష్ణానగర్‌లో మా గల్లీ ఆ చివరిదాకా వెళ్లిపోయింది. కొందరు అయ్యో పాపం అన్నారు. ఎక్కువమంది హమ్మయ్య అన్నారు. నేను రెండో జట్టులోనే ఉన్నాను, దాచుకోవడం ఎందుకు.

ఆంటీ డబ్బింగ్ ఆర్టిస్టు. తెనాలి నుంచి ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయింది. తెరమీద ఎవరో ఏడుస్తుంటే ఫిల్మ్‌నగర్‌లో ఒక చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ ఏడుపుకు గొంతిచ్చేది. హీరోయిన్ల తల్లులు, గయ్యాళి అత్తలు, లేడీ డాక్టర్లు, ఒక సినిమాలో ఆవు. ఆవు సంగతి ఆమె దగ్గర ఎత్తితే ఆ పూట మనకు అన్నం సహించదు. పనిలో వాడగా మిగిలిన గొంతంతా ఇంటికి తెచ్చి మామీద ఖర్చుపెట్టేది. ఆమె ఇక్కడ కొత్తిమీర బేరమాడితే యూసుఫ్‌గూడలో ఉన్నవాళ్లకు కూడా కట్ట ఎంతో తెలిసిపోయేది.

ఆ గొంతులో చిన్న బుడిపె మొలిచింది. జూబ్లీహిల్స్‌లో డాక్టరమ్మ దాన్ని తీసేసి, తోడు వెళ్లిన నాతో చెప్పింది.

"మామూలు వాళ్లకైతే వారం చాలంటాను. ఈవిణ్ని చూస్తే నాకే భయంగా ఉంది. నాలుగు వారాలు. గుసగుస కూడా వద్దు. మాట జారితే ఈ గొంతు మళ్లీ మైకుకు పనికిరాదు."

ఆంటీ ఏదో జవాబు చెప్పబోయింది. డాక్టరమ్మ వేలు చూపించి ఆపింది. ఆంటీని వేలు చూపించి ఆపిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

నేను కింద టైలర్ షాపు నడుపుతాను. జూనియర్ ఆర్టిస్టులకు నిన్న పోలీసు, ఇవాళ పెళ్లిపెద్ద వేషం పడుతుంది కాబట్టి బట్టలు బిగించడం, వదులు చేయడం నా పని. ఆంటీకి నేనే ఒక పలక, బలపాల డబ్బా కొనిచ్చాను. సాయంత్రానికి డబ్బా సగమైంది.

ఇంటి ఓనరు మా అమ్మ నీలమ్మ. పన్నెండేళ్లుగా ఆంటీతో మాటల్లో ఒక్కసారి కూడా గెలవని మనిషి. ఆమెకు పండగొచ్చింది. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని పైకెక్కి ఆంటీ ఎదురుగా కూర్చునేది.

"నువ్వొచ్చిన కొత్తల నా చింతకాయ తొక్కు ఉప్పు కశం అన్నవ్, యాదికున్నదా లీలమ్మా? ఇప్పుడన్నా ఒప్పుకో, మంచిగున్నదని."

ఆంటీ పలకమీద 'ఉప్పు కశమే' అని పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. అమ్మకు చదువు రాదు. ఆంటీ ఒప్పేసుకుందని, రాసి కూడా ఇచ్చిందని గల్లీ అంతా చెప్పుకొచ్చింది.

అయిదో రోజుకు ఆంటీ వాడిపోయింది. కిటికీ దగ్గర కూర్చుని కొత్తిమీర బండివాడిని చూస్తూ కళ్లతోనే తిట్టేది. అది చూడలేక నేను ఫోన్ పట్టుకెళ్లాను.

"ఆంటీ, పైవాటా పద్మిని మొత్తం యూట్యూబ్‌ల పెట్టిండ్రు. నూటనాలుగు ఎపిసోడ్లు. చూస్తరా?"

ఆంటీ పలక తీసుకుని 'వద్దు' అని రాసింది. కింద రెండు గీతలు గీసింది. బలపం విరిగింది.

పైవాటా పద్మిని వారానికోసారి వచ్చే దయ్యం సీరియల్. నాకు పదేళ్లప్పుడు వచ్చేది. ఆ అరగంట మా గల్లీలో కుక్క కూడా మొరిగేది కాదు. పద్మిని తను అద్దెకున్న మేడలోనే చనిపోతుంది, కానీ వాటా ఖాళీ చేయదు. కొత్తగా దిగినవాళ్లు మంచివాళ్లయితే వాళ్ల పసిపిల్లల ఉయ్యాల ఊపుతుంది. చెడ్డవాళ్లయితే పప్పులో రెండోసారి ఉప్పు వేస్తుంది. ఇప్పుడు చూస్తే గాల్లో తేలే గిన్నెకు కట్టిన దారం కనిపిస్తుంది, ఒక ఎపిసోడ్‌లో ఆ దారం పట్టుకున్న మనిషి మోచెయ్యి కూడా కనిపిస్తుంది. అయినా మెట్లమీద ఎవరిదో అడుగు పడగానే చీకట్లోంచి "ఎవరండీ, పైకొచ్చేది?" అని ఆ గొంతు అడిగితే నాకు ఇప్పటికీ వీపు జలదరిస్తుంది. అంత మర్యాదగా భయపెట్టిన దయ్యం ఇంకొకటి లేదు.

ఆ గొంతు ఆంటీదే. ఆ సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడని మనిషి, నాకు తెలిసి, హైదరాబాద్ మొత్తంలో ఆంటీ ఒక్కతే.

దానికి ఒక కారణం ఆ పని తీరు. డబ్బింగ్‌లో సీన్లన్నీ వరసగా చూపించరు. ఎవరి మాటలు వాళ్లకు ముక్కలు ముక్కలుగా కోసి వేస్తారు. ఆ ముక్కను లూపు అంటారు. పద్మిని పెదాలు కదిలినంతసేపు ఆంటీ మాట్లాడటం, ఓకే అనిపించుకోవడం, తర్వాతి లూపు. ముందేం జరిగిందో, వెనకేం జరిగిందో తెలియదు. ఎదుటి మనిషికి గొంతిచ్చేవాళ్లు ఇంకో రోజు వస్తారు. రెండేళ్లు పద్మినికి ప్రాణం పోసిన ఆంటీకి పద్మిని ఎలా చచ్చిపోయిందో కూడా తెలియదు.

రెండో కారణం నాగేశ్వరి. ఈ కథ ఆంటీ నోటినుంచే నేను వందసార్లు విన్నాను. వందో ఎపిసోడ్ అయ్యాక తెనాలిలో ఆంటీ వాళ్లమ్మకు ప్రాణం మీదికొచ్చింది. పదిహేను రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లింది. అమ్మ పోయింది, కర్మకాండలు ముగించుకుని వచ్చేసరికి ఇరవై రెండు రోజులైంది. పొద్దున రైలు దిగి స్నానం చేసి, మధ్యాహ్నం తిన్నగా ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్‌కు ఆటోలో వెళ్లింది. గేటు దగ్గర ఎదురుగా నాగేశ్వరి బయటికొస్తోంది. నాగేశ్వరి ఆంటీ దగ్గర పని నేర్చుకున్న మనిషి, అక్కా అక్కా అని వెనకే తిరిగేది. ఆమె చేతిలో పద్మిని డైలాగ్ పేపర్లున్నాయి. ఆంటీ ఆటో దిగలేదు. వెనక్కి తిప్పించింది. ఆ సాయంత్రం నాగేశ్వరి వచ్చి అరగంట తలుపు కొట్టినా తీయలేదు. వెక్కిరించడానికే వచ్చిందనుకుంది. అప్పటినుంచి ఇరవై మూడేళ్లు ఆమెతో మాట లేదు. నాగేశ్వరి యూసుఫ్‌గూడ రోడ్డుకు ఈ పక్కన కనిపిస్తే ఆంటీ ఆ పక్కకు వెళ్లేది. ఆంటీ ఎదుట ఆ సీరియల్ పేరెత్తడానికి ఎవరికీ గుండె లేదు.

గుండె నాకూ లేదు గానీ, ఆంటీకి నోరు లేని రోజులు మళ్లీ రావు కదా. మర్నాడు షాపులో మిషన్ పక్కన ఫోన్ పెట్టి, దానికి స్పీకర్ తగిలించి, మొదటి ఎపిసోడ్ గట్టిగా పెట్టాను. "ఎవరండీ, పైకొచ్చేది?" అన్న మాట గల్లీలోంచి మేడమీదికెక్కింది. మెట్లమీద చెప్పుల చప్పుడైంది. ఆంటీ దిగొచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను తన్నడానికి వచ్చిన మొహమే అది, కానీ కళ్లు ఫోన్ మీద పడ్డాయి. పాతికేళ్ల నాటి తన గొంతు అక్కడ నవ్వుతోంది. ఆంటీ కుట్టాల్సిన బట్టల కుప్పమీదే కూర్చుండిపోయింది. మూడో ఎపిసోడ్ అయ్యేదాకా లేవలేదు.

ఇక చూడండి, ప్రేమ అరవై మూడేళ్లకు పట్టుకుంటే ఎలా ఉంటుందో. పొద్దున ఆరు ఎపిసోడ్లు, మధ్యాహ్నం నాలుగు. పద్మినిని అత్త మెట్లమీదనుంచి తోసే సీన్లో ఆంటీ అరవలేక పలకను గోడకేసి కొట్టింది. రెండో పలక కొన్నాను. ఆ అత్త గొంతు కూడా ఆంటీదేనని నేను గుర్తుచేస్తే మొహం మాడిపోయింది. తక్కువ ఖర్చు సీరియళ్లలో ఒకే మనిషితో ఇద్దరికి చెప్పించడం మామూలే. లూపులు వేరు వేరు రోజుల్లో వేశారు కాబట్టి తోసింది ఎవరినో, తోసిన మనిషికి తెలియనే తెలియదు. 'నా నోటితోనే తిట్టానా దాన్ని' అని రాసి చాలాసేపు ఆ అక్షరాలనే చూసింది.

మా అమ్మ కూడా వచ్చి చేరింది. దయ్యమంటే భయం, చూడకపోతే నిద్రపట్టదు.

"గది నీ గొంతే అంటున్నరు, నిజమా? గంత మెత్తగ మాట్లాడుడు నీకొస్తదా?"

ఆంటీ నవ్వుకుంది. ఆ రాత్రి మా పప్పులో ఉప్పు రెండింతలైంది. అమ్మ వణికిపోయి దేవుడి గూట్లో దీపం పెట్టింది. నేను మేడమీదికి చూస్తే ఆంటీ పిట్టగోడ దగ్గర నిలబడి ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తోంది. మాట పోయినా బుద్ధి పోలేదు.

పదహారో రోజుకు వందో ఎపిసోడ్ అయింది. నేను తర్వాతది పెట్టబోతే ఆంటీ చేయి పట్టుకుని ఆపింది. ఫోన్ బోర్లా పెట్టేసి పైకెళ్లిపోయింది. ఆ రోజు మళ్లీ దిగలేదు. మర్నాడు నేను పైకెళ్తే పలకమీద ముందే రాసిపెట్టుకుని ఉంది. 'దానికి ఇంకొకళ్ల గొంతు వినలేను. ముందు నాకు ఉద్యోగం పోయిందనే కోపం. ఇప్పుడది నా పిల్ల.'

ఇన్నాళ్లూ ఆటపట్టించానే గానీ, ఆమెకు పద్మినిమీద ఇంత ఇష్టం పుట్టించి ఆ అంచుదాకా తీసుకొచ్చింది నేనేనని అప్పుడు తెలిసింది. నేను చిన్నప్పుడు చూసిన సీరియలే అయినా చివరేమైందో నాకూ గుర్తులేదు. నేను ముందు చూసి చెప్తానంటే ఆంటీ తల అడ్డంగా ఊపింది.

రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మా అమ్మకు ఓపిక చచ్చిపోయింది.

"గా దయ్యం ఏమాయెనో నాకు తెల్వాలె. నువ్వు చూడకుంటే మానె, చెవులు మూసుకో. నవతా, పెట్టు!"

పెట్టాను. ఆంటీ నిజంగానే చెవులు మూసుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు. నూట ఒకటో ఎపిసోడ్ మొదట్లోనే పద్మిని మౌనవ్రతం పడుతుంది. వాటా ఖాళీ చేయించే మంత్రగాడు వచ్చాడని అలిగి, మాటమానేస్తుంది. ఎపిసోడ్ అంతా తలుపులు కొట్టడమే, గిన్నెలు విసరడమే, ఒక్క మాట లేదు. ఆంటీ చేతులు మెల్లగా చెవుల మీదనుంచి జారాయి. నూట రెండులోనూ అంతే. నూట మూడులోనూ అంతే.

"నీ లెక్కనే ఉపాసం బట్టింది నోటికి" అంది అమ్మ.

చివరి ఎపిసోడ్‌లో పద్మిని వాటా వదిలేసి మెట్లు దిగుతుంది. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఇంట్లోవాళ్లను చూసి పెదాలు కదుపుతుంది. గొంతు లేదు. వెనక వీణ ఒక్కటే. ఆపైన వెలుతురైపోతుంది. కింద వేలకొద్దీ కామెంట్లు. పద్మిని చివరి మాట ఏమిటి? 'నన్ను మర్చిపోకండి' అందని ఒకరు, 'నా ఉయ్యాల జాగ్రత్త' అందని ఇంకొకరు. ఒకాయన అది మోక్ష మంత్రమని ఆరు పేరాలు రాశాడు. డైరెక్టర్ గొప్పతనం చూడండి, మౌనంతో ముగించాడు అని చాలామంది చేతులు జోడించారు.

ఆంటీ ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. ఆ ముక్కను మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది. పెదాలను చూసి మాట పట్టడం ఆమెకు నలభై ఏళ్ల విద్య. అయిదోసారికి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నోరు గట్టిగా మూసుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వి, పలకమీద రాసింది. 'ఏక్ దో తీన్ చార్ పాంచ్ ఛే.'

పద్మిని వేషం వేసిన అమ్మాయిది పూణె. తెలుగు ముక్క రాదు. అలాంటివాళ్లు షూటింగ్‌లో డైలాగు బదులు అంకెలు లెక్కపెడతారు, తర్వాత డబ్బింగ్‌లో ఆ పెదాలకు మాటలు సరిపెడతారు. వేలమంది ఇరవై మూడేళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నది ఆ పిల్ల ఆరుదాకా లెక్కపెట్టిన దానికి. నేను ఆ సంగతి కామెంట్లో రాయబోయాను. ఆంటీ నా వేలు పట్టుకుని, 'దయ్యం పరువు తీయకు' అని రాసింది.

తర్వాత నవ్వు ఆగిపోయింది. పలక తుడిచి మళ్లీ రాసింది. 'ఎవర్నీ పెట్టలేదు. మరి ఆ పేపర్లు?'

ఆ ప్రశ్న పట్టుకుని మర్నాడు ఇద్దరం ఫిల్మ్‌నగర్ వెళ్లాం. ఇరవయ్యో రోజో ఇరవై ఒకటో రోజో. అప్పటి సౌండ్ ఇంజనీర్ కమలాకర్ అదే థియేటర్‌లో ఇప్పటికీ ఉన్నాడు, డెబ్బై ఏళ్ల మనిషి. ఆంటీని చూసి లేచి నిలబడ్డాడు.

"లీలమ్మా! గిన్నేండ్లకు యాదికొచ్చిననా?"

ఆంటీ మాట్లాడకూడదని నేను చెప్పి, పేపర్ల సంగతి అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"గా నాగేశ్వరి లొల్లా? నువ్వొచ్చేదాక మూడు వారాలు పద్మినికి మౌనవ్రతం పెట్టి నెట్టుకొచ్చినం. ఆ రోజు ఆమె ఇంకో వేషానికి చెప్పతందుకు వచ్చింది. నేనే పేపర్లు చేతిల పెట్టిన, పద్మినికి గూడ నువ్వే చెప్పెయ్యమ్మా, సాయంత్రం నాలుగింటికి టేపు పోవాలె అని. వినలే. గది నాది గాదు, అక్కది, అక్క పొద్దున బండికి దిగిందట, నేనే పోయి పట్కొస్త అని పేపర్లు పట్టుకుని ఉరికింది. నువ్వు తలుపు తియ్యలేదట గద. అయిదున్నర దాకా ఆపిన. ఇగ వీణ పెట్టి పంపిన. మొండికేసిందని ఛానలోళ్లు ఆమెకు మళ్ల పనియ్యలే."

ఆంటీ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. పలక ఒళ్లో బోర్లా పెట్టుకుంది. మా ఇంటికొచ్చిన ఈ పన్నెండేళ్లూ ఆమె నాగేశ్వరిని తిట్టిన తిట్లన్నీ నేను విన్నాను, కొన్ని నేర్చుకున్నాను కూడా. నాకే సిగ్గేసింది, ఆమె సంగతి వేరే చెప్పాలా.

అట్నుంచి అటే యూసుఫ్‌గూడ. నాగేశ్వరి మూడో అంతస్తులో ఉంటుంది. కార్టూన్లలో చిన్నపిల్లలకు గొంతిచ్చి బతుకుతోంది. తలుపు తీసి ఆంటీని చూసి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. నేను గబగబా అంతా చెప్పేశాను. ఆపరేషన్, మౌనం, సీరియల్, కమలాకర్. అంతా విని, నాగేశ్వరి కొంగు నడుముకు దోపింది.

"ఓహో. మాట్లాడకూడదా? మంచిది. అయితే కూర్చోక్కా, నేను మాట్లాడతాను."

మాట్లాడింది. ఇరవై మూడేళ్లది ఒక్కచోట కూర్చుని మాట్లాడింది. తలుపు కొట్టిన అరగంట, రోడ్డు దాటేసిన సార్లు, తన కూతురి పెళ్లికి పంపిన శుభలేఖ తిరిగి రావడం, అన్నీ. వృత్తి అలవాటు వల్ల కోపం పెరిగేకొద్దీ గొంతు అయిదేళ్ల పిల్లదైపోయింది. అయిదేళ్ల పిల్ల అరవై మూడేళ్ల మనిషిని నిలబెట్టి కడుగుతుంటే నవ్వు ఆపుకోలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆంటీ మాత్రం తలెత్తలేదు. మాట పైన మాట అనకుండా ఆమె ఒకరిది పూర్తిగా వినడం బహుశా జీవితంలో అదే మొదటిసారి. అంతా అయ్యాక పలకమీద రాయబోయింది. నాగేశ్వరి బలపం లాగేసుకుంది.

"రాసినవి నేను చదవను. కాగితాలు చూసే కదా ఇంత పని చేశావు. గొంతొచ్చాక వచ్చి నోటితో చెప్పు. నాకే ముందు చెప్పాలి."

ఆంటీ తలూపింది.

ఆ మిగిలిన రోజులు ఆంటీ ఉన్నంత జాగ్రత్తగా పరీక్షలు రాసే పిల్లలు కూడా ఉండరు. దగ్గు వస్తే నీళ్లు తాగి మింగేసేది. కొత్తిమీర బండివాడు కావాలనే కిటికీ కింద నిలబడి రేటు పెంచి అరిచేవాడు. మా అమ్మ చింతకాయ తొక్కు గిన్నె పట్టుకొచ్చి రుచి చెప్పమనేది. ఆంటీ పలకలేదు. గొంతు మళ్లీ వస్తుందో రాదోనన్న భయం ఆమెకంటే నాకే ఎక్కువైంది. మైకు పోతే పోయింది, ఆ ఒక్క మాట చెప్పలేకపోతే ఆమె ఎలా బతుకుతుంది?

ఇరవై ఎనిమిదో రోజు జూబ్లీహిల్స్‌లో డాక్టరమ్మ గొంతులో లైటు వేసి చూసి, బాగా మానింది, ఏదైనా ఒక్క మాట మెల్లగా అనండి అంది. ఆంటీ నోరు విప్పలేదు. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. ఆంటీ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. నొప్పిగా ఉందా, గాలి వస్తోందా అని నలభై ప్రశ్నలు వేసింది. చివరికి నేనే, మేడమ్, మొదటి మాట వేరేవాళ్లకు ఒప్పుకున్నది అని చెప్పి ఆంటీని బయటికి లాక్కొచ్చాను.

యూసుఫ్‌గూడలో మూడంతస్తులు ఎక్కేసరికి ఆంటీకి ఆయాసం వచ్చింది. నాగేశ్వరి తలుపు తీసే ఉంచింది. కుర్చీలో కూర్చుని ఉంది, లేవలేదు. ఆంటీ గుమ్మంలోనే ఆగి, ఊపిరి సర్దుకుని, ఇరవై ఎనిమిది రోజుల తర్వాత నోరు తెరిచింది.

"తప్పు నాదే నాగేశ్వరీ."

గొంతు వచ్చింది. పాతది కాదు, కాస్త బొంగురుగా, అంచులు అరిగి వచ్చింది. చివర్లో వణికింది కూడా. నేను ఏడ్చేశాను.

నాగేశ్వరి కళ్లు మూసుకుని విన్నది. తర్వాత చెవిమీద చెయ్యి పెట్టుకుని, హెడ్‌ఫోన్ సర్దుకున్నట్టు అద్దుకుంది.

"చివర్లో వణికింది. ఇంకో టేకు."

ఆంటీ కళ్లెర్రజేసింది. అయినా చెప్పింది. "తప్పు నాదే నాగేశ్వరీ."

"ఈసారి నా పేరు మింగేశావు. ఇంకో టేకు."

మూడో టేకులో ఆంటీకి నవ్వొచ్చింది, అదీ పనికిరాదంది. నాలుగోసారి ఆంటీ లోపలికొచ్చి, ఆ కుర్చీ పక్కనే నేలమీద కూర్చుని, మెల్లగా, పద్మిని మాట్లాడేంత మెత్తగా చెప్పింది. నాగేశ్వరి చెవిమీదనుంచి చెయ్యి తీసింది. వంగి ఆంటీ తలను తన ఒళ్లోకి తీసుకుంది.

"ఓకే అక్కా" అంది.